పోపు మాడినా ఫరవాలేదు, చదివి సంతకం పెట్టండి

2015 ఏప్రిల్‌లో ఒక ఆదివారం. ఒక పొయ్యి మీద ముక్కల పులుసు మరుగుతోంది, రెండో పొయ్యి మీద పోపు. మావారు నాలుగు కాగితాలూ ఒక పెన్నూ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "ఇక్కడొకటి, ఇదిగో ఇక్కడొకటి పెట్టు. సాయంత్రంలోగా స్కాన్ చేసి పంపాలి" అన్నారు. ఏమిటండీ అన్నాను. "అమెరికా టాక్సు రిటర్నులే. మామూలే" అన్నారు. చెయ్యి కొంగుకి తుడుచుకుని, గట్టు మీదే పెట్టి రెండు సంతకాలు గిలికేశాను. ఆవాలు చిటపటమంటున్నాయి. నా ప్రాణమంతా వాటి మీదే ఉంది.

ఆ రోజు పోపు మాడలేదు. ఆ సంతకం మాత్రం తొమ్మిదేళ్ళ తర్వాత మాకు ఏడు లక్షల డెబ్బై వేల రూపాయలకు తేలింది. అదీ మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం తాలూకు డబ్బులోంచి.

అందుకే ఇది రాస్తున్నాను. ఈ మాట కొందరికి నచ్చదని తెలుసు. అయినా చెప్తాను. భర్తకు అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండి, మనం మాత్రం మన దేశపు పాస్‌పోర్టుతో ఇక్కడే ఉంటున్నప్పుడు, ఆయన పన్ను కాగితం మీద మన సంతకం "మామూలే" కాదు. అది మన ఆస్తినీ, మన ఆదాయాన్నీ ఒక పరాయి దేశపు లెక్కలోకి చేర్చే సంతకం. చేర్చాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు చట్టం మనకే ఇచ్చింది. ఆ హక్కును మనం పోపు గరిటె పట్టుకుని వదిలేసుకుంటున్నాం.

ముందు మా సంగతి చెప్తాను. మావారు చదువుకోసం వెళ్ళి, ఉద్యోగం చేసి, అక్కడి పౌరుడై, మామగారికి పక్షవాతం వస్తే అన్నీ సర్దుకుని హైదరాబాద్ వచ్చేశారు. ఆ తర్వాతే, 2014లో, మా పెళ్ళి. నేను అమెరికా గడప తొక్కలేదు. ఆయన ఉద్యోగం ఇక్కడ, జీతం రూపాయల్లో, పన్ను ఇక్కడే కడతారు. ఇంక అమెరికాకి లెక్క చెప్పడం ఎందుకు అని మీకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

మన దేశంలో మనిషి ఎక్కడ నివసిస్తున్నాడో చూసి పన్ను వేస్తారు. దుబాయ్‌లో ఉన్న మన తమ్ముడు అక్కడి జీతానికి ఇక్కడ పన్ను కట్టడు. అమెరికా అలా కాదు, పాస్‌పోర్టు చూస్తుంది. తన పౌరుడు నిజాంపేటలో ఉన్నా నైరోబీలో ఉన్నా, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఏటా లెక్క చెప్పాల్సిందే. మెక్సికోలో ఉంటున్న కుక్ అనే పౌరుడు ఇదేం న్యాయమని కోర్టుకెక్కితే, 1924లో అక్కడి సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. ఇలా పౌరసత్వాన్ని పట్టుకుని పన్ను వేసే దేశాల్లో అమెరికా తర్వాత చెప్పుకునే పేరు ఎరిట్రియా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ ఇదే బాధ. ఇండియా వచ్చేసి కార్డు బీరువాలో పడేసినంత మాత్రాన వదలదు, దాన్ని పద్ధతి ప్రకారం తిరిగి అప్పగించాలి.

సరే, అది ఆయన పౌరసత్వం, ఆయన బాధ్యత. పెళ్ళికి ముందు తెలిసే చేసుకున్నాను. నా గొడవ దాని గురించి కాదు, నన్ను అందులోకి ఎలా చేర్చారన్న దాని గురించి.

ఆ చట్టం దృష్టిలో నా పేరు నాన్‌రెసిడెంట్ ఏలియన్. మా అమ్మాయి ఈ మాట విని "అమ్మా నువ్వు ఏలియన్‌వా" అని వారం రోజులు నవ్వింది. నిజానికి ఆ ఏలియన్ అన్న మాటే నాకు రక్ష. అమెరికాలో ఉండక, అక్కడినుంచి పైసా ఆదాయం లేక, ఈ దేశంలో ఉన్న భార్య అమెరికాకి ఏ లెక్కా చెప్పనక్కర్లేదు. భర్త తన రిటర్ను తను విడిగా వేసుకుంటాడు. భార్య నంబరు రాయాల్సిన చోట ఎన్‌ఆర్ఏ అని మూడక్షరాలు రాస్తాడు. అంతే. ఏమీ చెయ్యకపోతే జరిగేది ఇదే.

దీనికి ఇంకో దారి కూడా పెట్టారు. భార్యాభర్తలిద్దరూ కోరుకుంటే, ఆ ఏలియన్ భార్యను కూడా అమెరికాలో ఉంటున్నట్టే లెక్కగట్టి ఇద్దరూ కలిపి ఒకే రిటర్ను వెయ్యొచ్చు. 1976 నాటి చట్టంతో వచ్చిన వెసులుబాటు ఇది. దీన్ని వాళ్ళు ఎలక్షన్ అంటారు. మొదటి ఏడాది రిటర్నుతోపాటు ఇద్దరూ సంతకం చేసిన ప్రకటన ఒకటి జతచెయ్యాలి. ఆ రోజు నేను గట్టు మీద పెట్టిన రెండో సంతకం ఆ ప్రకటన మీదే. ఎలక్షన్ అయిపోయింది, ఓటు వేసిన సంగతి ఓటరుకి తెలియదు.

ఆ ఓటు ఒక ఏడాదితో పోదు. ఎవరో ఒకరు రద్దు చేసుకునేదాకా ఏటేటా నడుస్తూనే ఉంటుంది. అది నడిచినంత కాలం ఆయన జీతం ఒక్కటే కాదు, నా ఆదాయం కూడా, అది ఏ మూల పుట్టినా, అమెరికా లెక్కలోకి వస్తుంది. నా ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీ వస్తుంది. మా అమ్మ నా పేర పెట్టిన చిన్న ఫ్లాటు అద్దె వస్తుంది. మన దేశంలో పన్నే లేని పీపీఎఫ్ వడ్డీ కూడా వస్తుంది, ఎందుకంటే మన మినహాయింపులు వాళ్ళ చట్టంలో లేవు. పొలం కౌలు ఇక్కడ వ్యవసాయ ఆదాయమని వదిలేస్తారు, అక్కడ వదలరు.

ఇప్పుడు పొలం సంగతి. పశ్చిమ గోదావరిలో మా ఊళ్ళో రెండెకరాలు. నాన్న 1986లో వేలల్లో కొన్న భూమి. నా పెళ్ళికి నా పేర రాసిచ్చారు. మావారిది ఓసీఐ కార్డు కాబట్టి మన చట్టం ప్రకారం ఆయన వ్యవసాయ భూమి కొనుక్కోవడానికి వీల్లేదు. ఆ భూమి పూర్తిగా నాదే. 2022లో నాన్న పోయాక చూసుకునేవాళ్ళు లేక తొంభై లక్షలకి అమ్మేశాం. పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మితే మన దగ్గర లాభం మీద పన్ను లేదు. ఊళ్ళో మా బాబాయి, ఇక్కడ మా ఆడిటరు, ఇద్దరూ అదే చెప్పారు. నిజమే చెప్పారు. ఆ డబ్బు డిపాజిట్ వేశాను. కొంత అమ్మ మోకాళ్ళ ఆపరేషన్‌కి, మిగతాది అమ్మాయి చదువుకి అనుకున్నాను.

2024లో మావారికి రిటర్నులు వేసిపెట్టే ఆయన మారారు. కొత్తాయన పాత కాగితాలన్నీ తిరగేసి ఫోన్ చేశారు. "మేడమ్ పేర ఉన్న ఆస్తులేమైనా అమ్మారా?" అని ఒక్క ప్రశ్న. మావారు పొలం సంగతి చెప్పారు. అవతల నుంచి కాసేపు మాట లేదు. ఆ తర్వాత తెలిసింది. 2022 రిటర్నులో ఆ అమ్మకం చూపించాల్సింది. మన దగ్గర పన్ను కట్టలేదు కాబట్టి దానికి ఎదురు చూపించి తగ్గించుకోవడానికి ఏమీ లేదు. మావారి జీతం మీద ఇక్కడ కట్టిన పన్ను దండిగా ఉన్నా, అది జీతం ఖాతాకే చెల్లుతుంది, భూమి లాభానికి పనికిరాదు. నాన్న నాకు ఉత్తపుణ్యానికి ఇచ్చిన భూమి కనక ఆయన 1986లో పెట్టిన వేలే దాని ఖరీదు, మిగిలిందంతా లాభమే. కొంత భాగానికి సున్నా రేటు పోగా మిగిలినదాని మీద పదిహేను శాతం. వడ్డీతో కలిపి తొమ్మిది వేల డాలర్ల పైచిలుకు.

సవరించిన రిటర్ను వేశాం. డిపాజిట్ విరిచి కట్టాం. అమ్మ ఆపరేషన్ ఆగలేదు, దానికి వేరే డబ్బు సర్దాం. మావారూ నేనూ మాత్రం రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఇంకా మంట పుట్టించే సంగతి ఇప్పుడు చెప్తాను. కొత్తాయన్ని నేనే అడిగాను, "ఇన్నేళ్ళూ కలిపి వేసినందుకు మాకు ఎంత కలిసొచ్చింది?" అని. ఆయన లెక్కలన్నీ చూసి, పొలం ఏడాది వదిలేస్తే ఏమీ లేదన్నారు. మావారి జీతం మీద ఇక్కడ కట్టే పన్ను అమెరికా వెయ్యబోయే పన్నుకన్నా ఎక్కువ. దాన్ని అక్కడ చెల్లు వేసుకుంటే ఆయన విడిగా వేసినా అక్కడ కట్టాల్సింది సున్నాయే. అంటే సున్నాని సున్నా చేసుకోవడానికి నా పొలాన్ని పందెం కాశాం.

పైగా ఒకసారి నష్టం కూడా వచ్చింది. 2020 మార్చిలో కరోనా సాయమని అమెరికా తన పౌరులకి తలా 1,200 డాలర్లు, పిల్లలకి 500 ఇచ్చింది. కలిపి రిటర్ను వేసిన జంటలో ఒకరికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఆ ఇంటికి ఏమీ లేదన్నారు. నాకున్నది ఐటిఐఎన్ నంబరు. మావారు పౌరుడు, పాప పౌరురాలు, అయినా మా ఇంటికి రాలేదు. విడిగా వేసుంటే ఆయన వాటా ఆయనకి వచ్చేది. ఆ ఏడాది డిసెంబరులో చట్టం సవరించాకే మళ్ళీ అడిగి తెచ్చుకున్నాం.

ఇక్కడ మా చిన్ననాటి స్నేహితురాలి కథ చెప్పాలి. వాళ్ళింట్లో సరిగ్గా తిరగేసి ఉంది వ్యవహారం. ఆమె అమెరికా పౌరురాలు, ఆయన గుంటూరు మనిషి, అక్కడే వ్యాపారం. వాళ్ళకీ ఇదే కాగితం వచ్చింది. ఆయన ఏం చేశారో తెలుసా? "ఇదేంటో మా ఆడిటర్‌కి చూపించి చెప్తా" అని జేబులో పెట్టుకున్నారు. పదిహేను రోజులు తిప్పారు. చివరికి "నా షాపు లెక్కలు అమెరికాకి ఎందుకు చెప్పాలి? నీది నువ్వు వేసుకో" అని తిరిగిచ్చేశారు. వాళ్ళ అత్తమామలు, బంధువులు అంతా ఏమన్నారు? "మనిషి మంచి జాగ్రత్తపరుడు" అన్నారు.

ఆయన్ని ఎవరూ "పెళ్ళాం మీద నమ్మకం లేదా" అని అడగలేదు. అదే నేను ఆ ఆదివారం కాగితం తీసుకుని "మా అన్నయ్యకి తెలిసిన ఆడిటర్‌కి చూపించి చెప్తానండీ" అని ఉంటే? మా అత్తగారు ఏమనేవారో, మా అమ్మే ఏమనేదో మీకు చెప్పనక్కర్లేదు. మొగుడి కాగితం మొగుడికే అనుమానంగా తిప్పి చూపించిందంటారు. ఒకే కాగితం. మగవాడు చదివితే జాగ్రత్త, ఆడది చదివితే అపనమ్మకం. నేను పోట్లాడేది ఈ కొలత మీదే.

మా అమ్మమ్మకి చదువు రాదు, వేలిముద్రే. ఆమె పేర ఉన్న చెక్క అమ్మినప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు మొత్తం చదివి వినిపించి, "అమ్మా, ఒప్పుకుని వేస్తున్నావా" అని అడిగాకే వేలిముద్ర వేయించుకున్నారట. సరిహద్దుల దగ్గర ఒకచోట ఆపి "ఆ కాలవ గట్టు మనది కాదు, సరిగా రాయండి" అందట కూడా. చదువురాని అమ్మమ్మకి ఒకరు చదివి వినిపించారు. బీకాం చదివిన నాకు ఎవరూ వినిపించలేదు. నేనూ అడగలేదు. మావారిని ఎంత అన్నానో నన్ను నేను అంతకి రెట్టింపు అనుకున్నాను.

మావారు మోసం చేశారని కాదు. ఆయనా చదవలేదు! రిటర్ను వేసే ఆయన "మారీడ్ కదా, జాయింట్ పెట్టేద్దాం" అన్నారు, ఈయన సరే అన్నారు. అమెరికాలో కాపురం ఉండే జంటల్లో ఎక్కువమందికి కలిపి వెయ్యడమే లాభం. ఆ అలవాటు ఇక్కడికీ పట్టుకొచ్చారు. మన దేశంలో భార్యాభర్తలకి కలిపి రిటర్ను అనేదే లేదు. ఎవరి పాన్ వారిది, ఎవరి లెక్క వారిది. ఇక్కడ ఇంత చక్కగా విడిగా ఉన్న నా లెక్కని సముద్రం దాటించి కలిపేశారు.

నేనీ మాట చెప్పినప్పుడల్లా తెలిసినవాళ్ళు నాలుగు రకాల జవాబులు చెప్తారు.

మొదటిది, "ఆయన చూసుకుంటారులే." చూసుకోరు. చూసుకోలేరు. కలిపి వేసిన రిటర్ను మీద బాధ్యత ఇద్దరిదీ, మొత్తానికి మొత్తం. సగం సగం కాదు. ఆయన ఏదైనా ఆదాయం రాయకపోతే ఆ పన్ను, జరిమానా మన దగ్గర కూడా వసూలు చెయ్యొచ్చు, రేపు విడాకులైనా సరే. తెలియక సంతకం పెట్టానని మొరపెట్టుకోవడానికి ఒక ఫారం ఉంది, 8857. దాన్ని ఇన్నొసెంట్ స్పౌజ్ అంటారు. నిర్దోషినని రుజువు చేసుకునే పని మాత్రం మనదే. అంత దూరం ఎందుకు వెళ్ళాలి?

రెండోది, "నాకేం ఆదాయం ఉంది, ఇంట్లో కూర్చునేదాన్ని." ఇలా అనే ప్రతి ఇల్లాలికీ కాగితం మీద ఏదో ఒకటి ఉంటుంది. పుట్టింటివాళ్ళిచ్చిన స్థలం, అమ్మ డిపాజిట్లో రెండో పేరు, నెలకింత అని కట్టిన మ్యూచువల్ ఫండు. ముఖ్యంగా ఈ ఫండ్ల జోలి వింటే భయమేస్తుంది. మన దేశపు మ్యూచువల్ ఫండు అమెరికా లెక్కలో మామూలు పెట్టుబడి కాదు, విదేశీ పాసివ్ కంపెనీ. ఒక్కో ఫండుకి వేరే ఫారం, వేరే కఠినమైన పన్ను పద్ధతి. మనం విడిగా ఉన్నంత కాలం మన ఫండు మనది. కలిశామా, ఆ ఫారాల బాధ ఇంటికొస్తుంది. బంగారం ఒక్కటే నయం, బీరువాలో ఉన్న నగల్ని ఆస్తుల ఫారంలో రాయమని అడగరు. అమ్మితే వచ్చే లాభం మాత్రం, కలిపి రిటర్ను వేస్తే, చూపించాల్సిందే.

మూడోది, "కలిపి వేస్తే మినహాయింపు రెట్టింపు కదా." నిజమే. 2025కి విడిగా వేసేవారికి 15,750 డాలర్లు, కలిపితే 31,500. కానీ రెట్టింపు మినహాయింపు ఎవరికి పనికొస్తుంది? అక్కడ పన్ను నిజంగా పడేవాళ్ళకి. ఇక్కడ పన్ను కట్టి అక్కడ చెల్లు వేసుకునే జీతగాడికి ఎంత రెట్టింపైనా సున్నాయే. ఇంకోటి కూడా ఎవరూ చెప్పరు. భార్య నాన్‌రెసిడెంట్‌గా ఉండి, ఈ ఎలక్షన్ తీసుకోకపోతే, పిల్లలు తనతోనే ఉంటూ ఇంటి ఖర్చులో సగానికి పైగా తనే భరించే భర్త హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ అనే హోదాలో వేసుకోవచ్చు. 2025కి దాని మినహాయింపు 23,625 డాలర్లు. ఇప్పుడు మావారు వేసేది అదే. అమెరికా ఆయన్ని ఇంటి యజమానిగా గుర్తించిందని విని మా అత్తగారు పడీపడీ నవ్వారు.

నాలుగోది, గొంతు తగ్గించి చెప్తారు. "అసలు ఏమీ వెయ్యకపోతే ఎవరికి తెలుస్తుంది?" ఇది మాత్రం ఎవరు చెప్పినా వినకండి. 2015లో మన ప్రభుత్వం అమెరికాతో ఒప్పందం చేసుకుంది. బ్యాంకుల్లో ఫాట్కా ఫారం నింపమంటారు చూడండి, అదే. అమెరికా పౌరుల ఖాతాల వివరాలు ఇక్కడినుంచి అక్కడికి వెళ్తాయి. మావారు విడిగా వేసుకున్నా ఆయన ఖాతాల సంగతి ఆయన చెప్పాల్సిందే. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్క రోజైనా పదివేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే వేరే నివేదిక ఇవ్వాలి. ఇందులో ఉమ్మడి ఖాతాలు పూర్తి మొత్తంతో వస్తాయి. మా అత్తగారి పెన్షను ఖాతాలో ఎందుకైనా మంచిదని మావారి పేరు రెండోదిగా ఉంది. అందుకని ఆవిడ పెన్షను సంగతి ఏటా అమెరికా ట్రెజరీకి వెళ్తుంది. ఈ నివేదిక ఇవ్వకపోతే, తెలియక చేసిన తప్పుకైనా వేల డాలర్ల జరిమానా పడొచ్చు. బిట్నర్ అనే ఆయనకి 272 ఖాతాలు లెక్కగట్టి 27 లక్షల డాలర్లు వేశారు. 2023లో సుప్రీంకోర్టు, జరిమానా ఖాతాకొకటి కాదు, ఏడాది నివేదికకొకటి అని తేల్చి దాన్ని 50 వేలకి దించింది. దించాక కూడా అంత. ఇన్నేళ్ళూ తెలియక వెయ్యనివాళ్ళకి దొడ్డిదారి కాదు, రాజమార్గమే ఉంది. అమెరికా బయట ఉంటూ, కావాలని ఎగ్గొట్టలేదని రాసిచ్చి, మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఎఫ్‌బార్‌లు వేస్తే జరిమానా లేకుండా సరిచేసుకోవచ్చు. అమెరికా ముందు అడగకముందే ఆ పని చెయ్యాలి.

నేను ఎవరూ కలిపి వెయ్యొద్దని చెప్పడం లేదు. భర్తకి అక్కడ ఇల్లు అద్దెకిచ్చి ఉంది, అక్కడి రిటైర్‌మెంటు డబ్బు తీస్తున్నారు, భార్య పేర ఏమీ లేదు, అప్పుడు కలిపితే నిజంగానే డాలర్లు మిగలొచ్చు. వాళ్ళు హాయిగా వేసుకోండి. లెక్క వేసి, రెండు విధాలా ఎంత వస్తుందో పక్కపక్కన చూసి, తెలిసి చెయ్యండి. నా తగాదా చూడకుండా పెట్టే సంతకంతోనే.

అసలు ఆ చట్టాన్నీ వదలను. తన పౌరుడు భార్యకి ఎంత కానుక ఇచ్చినా పన్ను లేదట, భార్య కూడా పౌరురాలైతే. నాలాంటి పరాయి దేశపు భార్యకైతే 2025లో లక్షా తొంభై వేల డాలర్ల వరకే, ఆపైన ఇస్తే ఆయన రిటర్ను వెయ్యాలి. ఇచ్చేటప్పుడు నేను పరాయిదాన్ని. పన్ను దగ్గరికొచ్చేసరికి నాన్న ఇచ్చిన పొలంతో సహా నేను వాళ్ళ మనిషిని. ఒక చట్టం ఇలా రెండు నాలుకలతో మాట్లాడుతుంటే, మధ్యలో ఉన్న ఆడది కాగితం చదవకపోతే ఎట్లా?

కాబట్టి ఈ ఏప్రిల్లో, ఇక్కడుండేవాళ్ళకి గడువు జూన్ 15 దాకా ఉంటుంది కాబట్టి జూన్‌లో, మీ దగ్గరికి కాగితం వస్తే పొయ్యి కట్టెయ్యండి. కూర్చోండి. ఇది కలిపి వేసే రిటర్నా, విడిగానా అడగండి. కలిపి అయితే, విడిగా వేస్తే ఎంత కట్టాల్సి వస్తుందో లెక్క చూపించమనండి. నా పేర ఉన్న వాటిలో ఏవేవి ఇందులో రాశారు, ఏవి రాయలేదు అనడగండి. నాకు ఐటిఐఎన్ తీసుకున్నారా, ఎప్పుడు, ఆ ఎలక్షన్ కాగితం కాపీ ఎక్కడుంది అనడగండి. పుట్టింటి ఆస్తి ఏదైనా అమ్మబోతుంటే అమ్మకముందే అడగండి.

ఇదివరకే సంతకం పెట్టేసి ఉంటే కంగారు పడొద్దు. రద్దు చేసుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకోనక్కర్లేదు, ఎవరో ఒకరు రాసిస్తే చాలు. ఆ ఏడాది రిటర్ను గడువు దాటకముందే రాసివ్వాలి, అప్పుడు ఆ ఏడాది నుంచే రద్దవుతుంది. మా పొలం అమ్మిన ఏడాది ఈ ఒక్క ముక్క మాకు తెలిసి ఉంటే ఏడు లక్షలు మిగిలేవి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఒకసారి రద్దు చేశాక మళ్ళీ ఆ జంట ఈ ఎలక్షన్ తీసుకోవడానికి వీలుండదు. రేపు అమెరికా వెళ్ళి స్థిరపడే ఆలోచన ఉన్నవాళ్ళు అదీ చూసుకుని చెయ్యండి. మేము ఆలోచించే చేశాం. 2024 నుంచి మాకు రద్దు. ఆ కాగితం మీద సంతకం నాది.

ఈ మధ్య మా ఇంట్లో ఒక కొత్త అలవాటు వచ్చింది. రిటర్ను వచ్చినప్పుడు మావారు భోజనాల బల్ల మీద పెట్టి, నా సంతకం అక్కర్లేకపోయినా, మొత్తం చదివి వినిపిస్తారు. అర్థం కాని చోట ఆపుతాను. ఒక్కోసారి ఆయనకీ అర్థం కాదు, ఇద్దరం కలిసి ఫోన్ చేసి అడుగుతాం. పోయిన సారి ఎఫ్‌బార్ చదువుతుంటే అత్తగారు పక్కనే కూర్చుని, "నా పెన్షను అంకె తప్పు రాశావురా, మధ్యలో బకాయి పడిందిగా" అన్నారు. చూస్తే నిజంగానే తప్పు. దిద్దుకున్నారు.